మగ్గం దిగని కారు

అత్త పోయిందని ఫోను వచ్చినప్పుడు నేను వనపర్తిలో ఒక కారు సామాన్ల దుకాణంలో నిలబడి లైట్ల రంగు గురించి కొట్లాడుతున్నాను. కారు లోపల పైకప్పు చుట్టూ అంటించే సన్నటి లైట్ల పట్టీ అది. నేను చెప్పింది పసుపుపచ్చ వెలుగు, అతను తెప్పించింది నీలం. "నీలం పెడితే పెండ్లి బస్సు లెక్క ఉంటది, నాకొద్దు" అని నేను. "అందరు గిదే ఏపిచ్చుకుంటున్నరన్నా" అని అతను. మా ఇంటామె ఫోను ఆ గొడవ మధ్యలోనే వచ్చింది. "అత్త లేస్తలేదు. ఛాయ్ తీస్కపోయి లేపితె లేస్తలేదు. డాక్టరొచ్చి చూసి, లేదని చెప్పి పోయిండు. నువ్వు జెల్ది రా" అని ఏడ్చింది.

లైట్లు అక్కడే పడేసి బస్సెక్కాను. కానీ పెబ్బేరు దాటేదాకా నా బుర్రలో ఆ నీలం రంగే తిరిగింది. వాపసు తీసుకుంటాడా, వేరేది ఎన్నాళ్లకు తెప్పిస్తాడు అని. అత్త పోయిందన్న సంగతి బీచుపల్లి వంతెన మీద, కింద కృష్ణను చూస్తుంటే గానీ తగల్లేదు. ఈ మాట రాయడానికి సిగ్గుగా ఉంది. ఆమె గురించి రాస్తూ నన్ను నేను మంచివాణ్ణి చేసుకుంటే ఇంకా సిగ్గు, అందుకని రాస్తున్నాను.

చదువుతున్న మీకు ఆమె తెలియదు. మా నాన్నకు అక్క, నాకు మేనత్త. గద్వాలలో మా ఇంటికీ వాళ్లింటికీ నడుమ ఒక్కటే గోడ. ఆ గోడలో దారి కోసం మా నాన్న కాలంలోనే ఒక మనిషి పట్టేంత సందు కొట్టించారు. ఆ సందులోంచి మాకు కూరలు వచ్చేవి, తిట్లు వచ్చేవి, ఛాయ్ వచ్చేది. కొడుకు, కోడలు దగ్గరే ఉన్నా అత్త సగం పొద్దు మా వాకిట్లోనే గడిపేది. నాకు కోపం ఎక్కువని బజారంతా తెలుసు. ఆమె ముందు మాత్రం నా కోపం చెల్లేది కాదు. "అరువు, అల్లుడా, అరువు. అరిసినంక ఆకలైతది, అప్పుడొచ్చి రొట్టె తిను" అనేది.

ఆమె నేతగత్తె. గద్వాల చీర సంగతి మీలో చాలామందికి తెలిసే ఉంటుంది. ఒళ్లంతా నూలు, అంచులు పట్టు. ఆ నూలు పోగునూ పట్టు పోగునూ ప్రతి వరసలో ఒకదానితో ఒకటి మెలేసి పోవాలి. అది ఒక్కరి వల్ల అయ్యే పని కాదు, మగ్గం మీద ఇద్దరు పక్కపక్కన కూర్చోవాలి. అత్తకు జోడీగా ఏళ్ల తరబడి కూర్చున్నది రాయచూరు వైపు నుంచి మా వీధికి కోడలిగా వచ్చిన ఒకామె. చుట్టరికం లేదు, కానీ ఒకరినొకరు వదినె అనే పిలుచుకునేవాళ్లు. నేను ఆమెను పెద్దమ్మ అంటాను. గుంట మగ్గంలో కాళ్లు కిందికి వదిలి, భుజం భుజం రాసుకుంటూ కూర్చుని, నాడె ఈ చేతి నుంచి ఆ చేతికి పోతుంటే వాళ్ల ముచ్చట్లు కూడా అట్లాగే పోయేవి. కొట్లాడుకున్న రోజున కూడా పక్కపక్కనే కూర్చోవాలి కదా. మాట లేకుండా నాడెను మాత్రం కోపంగా విసిరేవాళ్లు. సాయంత్రానికి ఎవరో ఒకరు నవ్వేసేవాళ్లు.

పెద్దమ్మకు చూపు మందగించాక, ఒక్కగానొక్క బిడ్డ అమ్రాబాద్‌లో కాపురముంటే ఆమె దగ్గరికి వెళ్లిపోయింది. అత్త మగ్గం మీద వేరే ఆమె కూర్చుంది గానీ, అత్త ఆ తర్వాత ఎక్కువ కాలం నేయలేదు. నడుము పోయింది, మోకాళ్లు పోయాయి. అమ్రాబాద్ పోవాలంటే వనపర్తిలో బస్సు మారాలి, నాగర్‌కర్నూలులో మారాలి, అచ్చంపేటలో మారాలి. బస్సు మెట్టే ఎక్కలేని మనిషికి అది కాశీయాత్ర. పెద్దమ్మకేమో బస్సెక్కితే వాంతులు. ఇద్దరూ ఫోనులోనే బతికారు.

అప్పుడే నేను కారు తెచ్చాను.

తెచ్చాను అంటే గొప్పగా వినపడుతుంది. వీపనగండ్లలో ఒక కాంట్రాక్టరు ఇంటి వెనక ఏళ్లుగా పడి ఉన్న అంబాసిడర్ అది. వెనక సీటు మీద కోళ్లు గుడ్లు పెట్టేవి. నాకు గద్వాలలో ఇన్వర్టర్ల దుకాణం ఉంది, వైర్ల పని చేతిలో ఉంది, రేకుల షెడ్డు వేసుకోవడానికి వాకిట్లో జాగా ఉంది. చిన్నప్పటి నుంచీ ఆ కారంటే పిచ్చి. ట్రాక్టరు మీద కట్టి తెచ్చి దింపితే అత్త గోడ సందులోంచి వచ్చి చుట్టూ తిరిగి చూసింది. డోరు తీసి లోపలికి తొంగి చూసి, ఒక ఈకను రెండు వేళ్లతో పట్టుకుని పైకి తీసింది. "అల్లుడా, కారు తెస్త అని చెప్పి కోళ్లగూడు తెచ్చినవేందిరా?"

"ఉండత్తా. దీన్నే నీకు మహల్ లెక్క చేస్త. ఏసీ ఏస్త, పండుకునే సీట్లేస్త, అద్దాలు బటన్‌తోని దిగేటట్టు చేస్త. ఫస్టు సవారీ నీదే. అమ్రాబాద్ తీస్కపోయి మీ వదినె ముంగట దించుత."

"నిజంగనా?"

"నీ మీదొట్టు."

ఆమె వెంటనే ఫోను తీసి పెద్దమ్మకు చెప్పేసింది. అప్పటి నుంచి అవతలి నుంచి రోజూ ఒకటే ప్రశ్న. "వదినె, కారు ఆయ్తా?" రాయచూరు వైపు మాట ఆమె నోటి నుంచి ఎన్నడూ పోలేదు. అయిందా అని అడగడం అది. ఈమె కూడా అదే మాటలో, ఇంకా లేదని జవాబు చెప్పేది. "ఇంకా ఇల్ల వదినె. మా అల్లుడు చేస్తుండు."

ఇంజను పని ఒక మేస్త్రీ చేతిలో త్వరగానే అయిపోయింది. ఆ మాట మీరు గుర్తుంచుకోండి, ఎందుకంటే నేను మరిచిపోయాను. కారు నడిచింది. బ్రేకులు పడ్డాయి. సీటు ఒకటి వేసి ఉంటే, ఆ వారమే మేం అమ్రాబాద్ పోయి మధ్యాహ్నం బువ్వ అక్కడ తినేవాళ్లం. కానీ నాకు మహల్ కావాలి. ముందు ఏసీ మొదలుపెట్టాను. పాత ఇంజనుకు కంప్రెసరు బిగించాలంటే దానికి పట్టీ కావాలి, పట్టీ వేస్తే బెల్టు సరిపోదు, బెల్టు దొరికితే ఇంజను వేడెక్కింది. పెద్ద రేడియేటరు తెచ్చాను. అది పట్టాలని ముందు రేకు కోశాను. కోసిన రేకు చూసి అత్త నోరు నొక్కుకుంది. "కొత్తకోడలుకు ముక్కు కోసినట్టు కోసినవ్ గదరా!"

ఆమె ఊరికే చూస్తూ కూర్చునే మనిషి కాదు. నేను డాష్‌బోర్డు కింద పడుకుని వైర్లు లాగుతుంటే, బయట పీట వేసుకుని రంగు రంగు వైర్లను జతలుగా ముడేసి పక్కన పెట్టేది. పని బాగుందా లేదా అని చూడాల్సి వస్తే ఏ వస్తువునైనా తిప్పి వెనక వైపు చూసేది. చీరైనా అంతే, నేను కొత్తగా చేయించిన డోరు అట్టలైనా అంతే. "ముంగట అందరు మంచిగనే చేస్తరు. ఎనక చూడు, పనోడు ఆడ దొరుకుతడు" అనేది. ఒక డోరు అట్ట వెనక జిగురు కారి ఉంటే, మళ్లీ ఊడదీయించి తుడిపించింది. నాకు ఒళ్లు మండింది. కానీ చేశాను.

సీట్ల దగ్గర మాత్రం నేనే గెలిచాను, గెలిచానని అప్పుడు అనుకున్నాను. పాత బెంచీ సీటు తీసేసి, వెనక్కి వాలే సీట్లు వేయించాను. అందులో మెత్తలు, మెడ కింద దిండు, బటన్ నొక్కితే కాళ్లు పైకి. ముందు నల్లటి తొడుగులు తెస్తే "పీనుగ మీద కప్పిన గుడ్డలెక్క ఉన్నయ్, తియ్యి" అన్నది. ఆమె అంచుల రంగు, ముదురు మెరూన్, అది వేయించాను. మొదటిసారి ఎక్కించి కూర్చోబెడితే, ఆ మెత్తటి సీటు అంచున, ముందుకు వంగి కూర్చుంది. బతుకంతా మగ్గం గుంటలో ఆనుకోడానికి ఏమీ లేకుండా కూర్చున్న నడుము అది. వెనక్కి వాలితే భయం, నొప్పి.

"ఆనుకో అత్తా. ఎందుకు చేయించిన మరి?"

"గిట్లనే మంచిగున్నది బిడ్డా."

"ఆనుకోవే అంటున్న గదా! ఇంత పరేషాన్ అయ్యి చేపిచ్చినంక అంచుమీద కూసుంటవా?"

ఆనుకుంది. కళ్లు మూసుకుని, రెండు చేతులతో పక్కలు పట్టుకుని ఆనుకుంది. తర్వాత నేను లేనప్పుడు కూడా ఎక్కి ఆనుకోవడం సాధన చేసేదని మా ఇంటామె చెప్పింది. ఆమె సుఖం కోసం చేయించాననుకున్న సీటులో ఆమె నా కోసం కూర్చోవడం నేర్చుకుంది.

మొన్నటి ఎండాకాలానికి ఏసీ పనిచేసింది. మధ్యాహ్నం ఎండ దంచుతుంటే అత్తను షెడ్డులో ఉన్న కారులో కూర్చోబెట్టి ఇంజను ఆన్ చేసేవాణ్ణి. కాసేపు చల్లగాలి తినేది. ఒళ్లో చేట పెట్టుకుని చిక్కుడుకాయలు ఒలిచేది. అక్కడి నుంచే అమ్రాబాద్‌కు ఫోను.

"వదినె, నేను కార్ల కూసున్ననే!"

అవతల పెద్దమ్మ గొంతు నాకు కూడా వినపడింది, ఆమెకు చెవుడు కొద్దిగా ఉంది కాబట్టి గట్టిగా మాట్లాడుతుంది. "అయ్యో, చెప్పకపోతివి! యాడిదాక వచ్చినవ్?"

"యాడికొచ్చిన్నే! మా వాకిట్లనే ఉన్న."

ఇద్దరూ నవ్విన నవ్వుకు అత్త ఒళ్లోని చేట బోర్లా పడింది. నేనూ నవ్వాను. కింద సీటు మీద పడ్డ చిక్కుడు గింజలు ఏరుతూ, సీటుకు మరక అవుతుందేమోనని చూసుకుంటున్నాను.

ఇట్లా ఎందుకు సాగింది అని మీరు అడగొచ్చు. మా వాళ్లకు ఒక పట్టింపు ఉంది. మగ్గం మీదున్న చీరను, దిగేదాకా ఎవరికీ చూపించరు. కొనేవాడు వచ్చి నిలబడినా గుడ్డ కప్పేస్తారు. సగంలో చూపిస్తే దిష్టి అంటారు, సగం పని చూపించడం పనికి అవమానం అనీ అంటారు. నేను మగ్గం ఎక్కలేదు గానీ ఆ పట్టింపు నాలోనూ ఉంది. పవర్ స్టీరింగ్ పెట్టాక, ఇంక పోదాం అనుకున్నాను. అప్పుడు చూస్తే వీధిలో పోయే బండ్ల చప్పుడు లోపలికి వినపడుతోంది. రేకు కింద మందపాటి అట్టలు పరిపించాను. చప్పుడు పోయాక చూస్తే పాటలు సరిగా లేవు. పెద్ద తెర పెట్టాను, వెనకకు పోతుంటే చూపించే కెమెరా పెట్టాను, సెంట్రల్ లాకింగ్ పెట్టాను. అద్దాలకు ఎండ ఆపే కాగితం. ఒకటి అవుతుంటే ఇంకొకటి కనపడుతుంది.

ఒక రోజు షెడ్డు దగ్గర నిలబడి అత్త అన్న మాట ఇది. "చీరెకు పడుగు ఒడుస్తది అల్లుడా. అంతే, కోసి మడత పెట్టేస్తం. నీ కారుకు పడుగు యాడ ఒడుస్తదిరా?" నవ్వుతూనే అన్నది. నేను ఆ మాటను దుకాణానికి వచ్చిన వాళ్లందరికీ చెప్పి నవ్వించాను. ఆమె ఏమడుగుతోందో ఆలోచించలేదు.

తిన్నగా అడిగింది ఒకే ఒక్కసారి. పెద్దమ్మకు గుండెకు గొట్టాలు వేశారని కబురు వచ్చిన రోజులవి. ఆమె దవాఖాన నుంచి ఇంటికి వచ్చింది. అత్త పొద్దున్నే వచ్చి, కారు ముందు బానెట్ మీద చెయ్యేసి నిలబడింది. అప్పుడు డోర్లకు అట్టలు లేవు, పైకప్పు గుడ్డ ఊడదీసి ఉంది.

"అల్లుడా, ఇది గిట్లనే నడుస్తదా?"

"గిట్లనంటె?"

"గిట్లనే. జర పొయ్యొద్దమా అని."

నాకు కోపం వచ్చింది. పని మధ్యలో ఉన్నవాణ్ణి ఎవరైనా తొందరపెడితే వచ్చే కోపం. "వైర్లు యాలాడుతున్నయ్, పైన గుడ్డ లేదు, కనపడ్తలేదా అత్తా? గిట్ల తీస్కపోతే ఆ ఊరోళ్లు నవ్వరా? నీ అల్లుడు చేసిన కారు గిదా అని అడిగితే నువ్వేం చెప్తవ్?"

ఆమె చెయ్యి తీసేసింది. "నిజమే బిడ్డా. మగ్గం దిగనిదాన్ని నేను మాత్రం ఎవరికన్న చూపిచ్చిన్నా? నువ్వు నిమ్మళంగనే చెయ్యి" అన్నది. గోడ సందులోంచి వెళ్లిపోయింది. మళ్లీ అడగలేదు. నేను ఆమె మాటను పట్టుకుని ధీమాగా పనిచేసుకున్నాను. చూశారా, అత్తకే అర్థమైంది, మిగతా వాళ్లకే అర్థం కావట్లేదు అని మా ఇంటామెతో వాదించాను కూడా. మా ఇంటామె ఒకటే అన్నది. "ఆమెకు కారు అర్థం కాలే. నీ మొకం అర్థమైంది."

బస్సు దిగి ఇంటికి చేరేసరికి వీధి నిండా జనం. వాళ్లింటి ముందు జాగా ఇరుకు. శవాన్ని మా వాకిట్లో పడుకోబెట్టాలని పెద్దవాళ్లు అప్పటికే నిర్ణయించారు. అడ్డంగా ఉన్నది కారు. "జర ఆ కారు తియ్యి" అని ఎవరో అన్నారు. తాళంచెవి తెచ్చి, స్టార్ట్ చేసి, గేటు తీయించి, రోడ్డు మీదికి తెచ్చి పెట్టాను. మెత్తగా, చప్పుడు లేకుండా వచ్చింది. ఆ కారు మా గేటు దాటడం అదే మొదటిసారి. అత్త కోసమే దాటింది. ఆమెను పడుకోబెట్టడానికి చోటు కావాలని దాటింది. స్టీరింగ్ మీద తల పెట్టుకుని ఏడ్చాను, అద్దాలన్నీ మూసి ఉన్నాయి కాబట్టి ఎవరికీ వినపడలేదు.

దహనం అయ్యి, స్నానాలు చేసి కూర్చున్నాక పక్కింటామె వచ్చి నా ఎదురుగా కూలబడింది. ఆమె మంచిదే, నోరు ఆగదు అంతే. అత్త గురించి చెప్పుకుంటూ, ఏడుస్తూ ఒక మాట అన్నది.

"మేం శివరాత్రికి శ్రీశైలం పోయినం గదా. బండ్ల ఒక సీటుండె. నువ్వు రా అవ్వా, మన్ననూరు కాడ దిగుదువు, ఆడి నుంచి మీ వదినె అల్లుడొచ్చి తీస్కపోతడు, వాపసొచ్చేటప్పుడు ఎక్కిచ్చుకుంటం అన్న. రానన్నది."

"ఎందుకు?" అన్నాను.

"మా అల్లుడు నా కోసమని కారు చేస్తుండు. వాన్ని కాదని ఇంకోదాంట్ల పోతే వాని మనసు చిన్నవోదా అన్నది. ఏం మనిషో తల్లి!"

పక్కనే గోడకు ఆనుకుని కూర్చున్న అత్త కొడుకు, నాకు బావ, నేల చూస్తూ అన్నాడు. "నేను కిరాయి కారు మాట్లాడ్త అన్న. నాకూ గదే చెప్పింది." ఇంతకుముందు ఎందుకు చెప్పలేదని అరవబోయాను. చెబితే మాత్రం నేను వినేవాణ్ణా? ఇంకొక్కటి బిగించి తీసుకుపోతా అనేవాణ్ణి.

నేను పాపం చేశానని మా ఇంట్లో ఎవరూ అనలేదు. అందరూ ఓదార్చారు. "నువ్వు ఆమె కోసమే గదా ఇంత చేసినవ్" అన్నారు. అదే నన్ను ఎక్కువ కాల్చింది. ఏసీ అత్త అడిగిందా? తెర అడిగిందా? బస్సు మెట్టు ఎక్కలేని మనిషి అడిగింది ఒక్క సవారీ. మిగతాదంతా నా ముచ్చట. నా ముచ్చటకు ఆమె పేరు పెట్టుకుని, ఆమె కాలాన్ని తిన్నాను.

మూడో నాడు పిట్టకు ముద్ద పెట్టిన మర్నాడు అమ్రాబాద్ నుంచి పెద్దమ్మ బిడ్డ ఫోను చేసింది. బావ ఆమెకు చావు రోజే చెప్పాడు. తల్లికి మాత్రం ఆమె ఇంకా చెప్పలేదు.

"గుండె మనిషన్నా. ఫోన్ల చెప్తె తట్టుకోదు. రోజు అత్తమ్మకు ఫోను కలుపుమంటది, ఫోను ఖరాబైందని చెప్తున్న. నాతోని అయితలేదు. నువ్వొచ్చి ఎదురుంగ కూసోని నిమ్మళంగ చెప్పు. నీ మాటైతె ఇంటది."

"వస్త చెల్లె. రేపే వస్త."

"సరే అన్నా. నువ్వు వస్తున్నవని మాత్రం అమ్మకు చెప్త."

పెట్టేశాను. ఆ చివరి మాట గురించి ఆలోచించి ఉండాల్సింది.

పొద్దున్నే కారు తీశాను. బావ రావడానికి లేదు, కర్మలు చేసేవాడు. నేనొక్కణ్ణే. వెనక మెరూన్ సీటు ఖాళీగా ఉంది, అద్దంలో కనపడుతూనే ఉంది. వనపర్తి దాటాను, నాగర్‌కర్నూలులో ఛాయ్ తాగాను, తెలకపల్లి మీదుగా అచ్చంపేట పోయాను. ఎక్కడో ఒకచోట ఇంజను వేడెక్కుతుందనీ, బెల్టు తెగుతుందనీ, ఏదో ఒకటి చెడిపోతుందనీ ఎదురుచూశాను. చెడిపోతే, చూశావా అత్తా, అందుకే తీయలేదు అని చెప్పుకోవచ్చు. ఏదీ చెడిపోలేదు. ఏసీ చల్లగా ఉంది, స్టీరింగ్ వెన్నలా తిరిగింది. మన్ననూరు దగ్గర మలుపు తిరిగి అడవిలోంచి గుట్ట ఎక్కుతుంటే, ఇంకా మధ్యాహ్నం కూడా కాలేదు. ఇంతే దూరమా అని గట్టిగా, బయటికే అన్నాను. ఇంత దూరానికా అత్తా నిన్ను అన్నేళ్లు ఆపాను?

అమ్రాబాద్‌లో ఇల్లు ఎవరినీ అడగాల్సిన పని లేకపోయింది. పెద్దమ్మ గడప ముందు కుర్చీ వేసుకుని రోడ్డు వైపే చూస్తూ కూర్చుంది. తల దువ్వుకుంది, మడత విప్పిన కొత్త చీర కట్టుకుంది, పూలు కూడా పెట్టుకుంది. కారును చూడగానే కర్ర పట్టుకుని లేచింది. వెనక గుమ్మంలో ఆమె బిడ్డ నిలబడి, నా వైపు చూసి తల అడ్డంగా ఊపింది. చెప్పలేదని.

అప్పుడు తెలిసింది నాకు. నేను వస్తున్నానంటే పెద్దమ్మకు దాని అర్థం ఒక్కటే.

ఆమె నా వైపు చూడనే లేదు. తిన్నగా వెనక డోరు దగ్గరికి వచ్చింది. ఎండకు అద్దం తళతళా మెరుస్తోంది, లోపల ఏమీ కనపడదు. కర్రతో అద్దం మీద మెల్లగా కొట్టింది. "ఏమే వదినె! దిగవా? మారాణివయినవా ఏం, తలుపు తియ్యడానికి మనిషి కావాల్నా?" బోసినోటితో నవ్వుతోంది. చప్పుడు లేకపోయేసరికి కర్రను కారుకు ఆనించి, రెండు చేతులూ ముఖానికి చెరో పక్క అడ్డం పెట్టుకుని, నుదురు అద్దానికి ఆనించి, లోపలికి చూసింది. ఆమె ఊపిరికి అద్దం మీద మసక కమ్మింది.

దిగి, చెయ్యి పట్టుకుని, కూర్చోబెట్టి చెప్పాలని దారి పొడుగునా అనుకుంటూ వచ్చాను. నా వేలు తనంతట తానే బటన్ మీద పడింది. అద్దం ఆమె నుదుటి కింది నుంచి మెత్తగా జారి దిగిపోయింది. చల్లగాలి ఆమె ముఖానికి తగిలింది. కళ్లు చికిలించి చూసి, చెయ్యి లోపలికి పెట్టి, సీటు మీద ఈ చివర నుంచి ఆ చివర దాకా తడిమింది.

"సల్లగున్నది కొడుకా" అన్నది, చెయ్యి అక్కణ్ణుంచి తీయకుండానే. "మా వదినెను యాడ దించినవ్?"